మేత చూసొచ్చే మనిషి

ఆయన పిండాన్ని కాకి ముట్టలేదు.

పదకొండో నాడు వాగు ఒడ్డున విస్తరిలో అన్నం, మాంసం, పక్కన కల్లుసీసా పెట్టి అందరం దూరంగా జరిగి నిలబడ్డాం. కాకులు వచ్చాయి. తుమ్మచెట్టు మీద కూర్చుని తల అటు తిప్పి, ఇటు తిప్పి చూశాయి. దిగలేదు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. "బతికినన్నొద్దులు పరాయి జాగల మెతుకు ముట్టలే. ఇప్పుడు ముడతడా?" అని ఎవరో వెనక నుంచి అన్నారు. నవ్వొచ్చినా ఎవరూ నవ్వలేదు.

ఏదో కోరిక మిగిలిందన్నారు. ఆయన భార్య, మేమంతా పెద్దవ్వ అని పిలిచే ముసలామె, ముందుకు వచ్చి మనుమరాలి పెళ్లి మంచిగా చేస్తామని చెప్పింది. కాకి కదల్లేదు. ఇల్లు పంచుకోమని, కలిసే ఉంటామని కోడళ్లు చెప్పారు. కదల్లేదు. ఆఖరికి చిన్నకొడుకు చేతులు జోడించి, "నాయినా, నీ గొంగడి నేను పరుస్త. మేత నేను చూసొస్త. నువ్వు రంది పడకు," అన్నాడు. అప్పుడు దిగింది ఒక కాకి. ఆడవాళ్లు బావురుమన్నారు. నా పక్కన మా ఆయన తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

నాకు మాత్రం ఒళ్లు మండింది. రెండు గంటలు మాంసం ముందు కూర్చున్న కాకి దిగక ఏం చేస్తుంది?

దాచుకోవడం ఎందుకు, నాకు ఆయనంటే పడేది కాదు. పోయాక కూడా పడడం లేదు.

మేము గొర్లు కాసుకునేవాళ్లం. ఊరు బచ్చన్నపేట దగ్గర. మాది మెట్ట నేల. పత్తి ఏరడం అయిపోయి, గొర్లు ఆ మోళ్ల మీది ఆకు కూడా కొరికేశాక ఇక్కడ దుమ్ము తప్ప ఏమీ మిగలదు. అందుకని శివరాత్రి లోపల ఎనిమిది ఇళ్ల మందలు కలిసి బయటికి నడుస్తాయి. మళ్లీ ఇంటి ముఖం చూసేది మృగశిర కార్తెలో పడే మిరుగం వానలకే. నడవడానికి దారులు రెండు. ఒకటి దేవరుప్పుల మీదుగా మానుకోట దిక్కు. మహబూబాబాద్‌ను మావాళ్లు ఇప్పటికీ అట్లాగే అంటారు. రెండోది భూపాలపల్లి అడవి దిక్కు. ఏ ఏడు ఎటు పోవాలో తేల్చడానికి ఒక మనిషి ముందుగా పోయి, రెండు దిక్కులా మేత ఎంతుందో, ఎన్ని మందలకు ఎన్ని రోజులు వస్తుందో చూసి రావాలి. ఆ మనిషే మేతపెద్ద. ముప్పై ఏళ్లు ఆ పని ఆయనే చేశాడు.

తిరిగొచ్చిన నాడు గొంగడి పరుస్తారు. దాని మీద కూర్చుని ఆయన చెప్పిన మాటే మాట. ఇంకొకరిని పంపడం, రెండో మాట అడగడం లేదు. అడిగితే మాట విరుగుతుంది, మాట విరిగితే మేత విరుగుతుంది అని మావాళ్ల నమ్మకం. ఇంత నమ్మకం ఒక మనిషి చేతిలో పెడితే ఆ మనిషి ఎట్లా తయారవుతాడో నేను చూశాను.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన మా వాకిట్లోకి వచ్చి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. అప్పుడు నేను సన్నగా ఉండేదాన్ని. మా అత్తతో, "ఎండకాలం మేత. ఉన్నదంటె ఉన్నది, లేదంటె లేదు," అన్నాడు. వాకిట్లో ఉన్నవాళ్లంతా పడీపడీ నవ్వారు. మనుషులను కూడా ఆయన మేత లెక్కనే చూసేవాడు. మా ఆయన మెత్తని మనిషి కాబట్టి "ఒక్క పూట మేత." ఊరి సర్పంచి "ముండ్లకంప, మేకలకే పనికొస్తడు." ఆయన భార్య గురించి ఏమనేవాడో ఇక్కడ రాయను. ఆమె ఇంకా బతికుంది, నన్ను ఇప్పటికే సరిపోయేంత తిట్టింది.

ఇంత నోరున్న మనిషికి ఒక నియమం ఉండేది. మేత చూడబోయిన చోట పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. సంచిలో జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, మా బోరు నీళ్లు నింపిన సీసా. అవి అయిపోతే అట్లాగే నాలుక పిడచ కట్టుకుని తిరిగొచ్చేవాడు. గొర్ల మంద రాత్రి పడుకున్న చేనుకు ఎరువు పడుతుంది కదా, అందుకని రైతులు మేతపెద్దను పిలిచి కోడిని కోస్తారు, కల్లు పోస్తారు, మా దిక్కు రమ్మంటారు. ఆయన గడప తొక్కేవాడు కాదు. "నీళ్లు తాగితే మొహమాటం పుడతది. మొహమాటం పుట్టినంక గడ్డి రెండింతలు కనపడతది," అనేవాడు. ఈ మాట మా ఊళ్లో పిల్లలకు కూడా వచ్చు.

గొంగడి మీద ఆయన తీరు చూడాల్సిందే. వెంటనే చెప్పేవాడు కాదు. ముందు చాయ్ తెప్పించుకుని చప్పరించేవాడు. ఎనిమిది ఇళ్లవాళ్లు ఆయన మూతి వంక చూస్తూ కూర్చోవాలి. తర్వాత రుమాలు ముడి విప్పి తెచ్చిన గడ్డి పరకలు, తుమ్మకాయలు, వేరే మందల పెంటికలు గొంగడి మీద పరిచేవాడు. పెంటికను వేళ్లతో నలిపి, "పైన ఎండింది, లోపల తడి ఉన్నది. రెండొద్దుల కింద మంద వచ్చి పోయింది," అనేవాడు. ఆ తర్వాత కళ్లు మూసుకుని గడ్డిని అరచేతుల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక పరక కొరికి, అప్పుడు దిక్కు చెప్పేవాడు. ఆ కళ్లు మూసుకోవడం చూసి ముసలివాళ్లు సైతం ఊపిరి బిగబట్టేవాళ్లు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఈ కళ్లు మూసుకోవడం లేదు. నలపడం, కొరకడం కూడా లేదు. అది తర్వాత వచ్చింది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా పట్టించుకోలేదు. అనుభవం పండిందనుకున్నాం.

మూడేళ్ల కిందట ఆయన భూపాలపల్లి దిక్కు అన్నాడు. అడవి అంచున ఒక చెరువు ఉందని, నీళ్లు వెనక్కి పోయి శిఖం నేలంతా తేలిందని, ఆ శిఖం నిండా గరిక ఉందని చెప్పాడు. "ఎనిమిది మందలకు ఇరవై ఒద్దులు. పచ్చగ చాప పరిచినట్టున్నది," అని రుమాల్లోంచి గరిక తీసి చూపించాడు. నిజంగా లేత గరికే.

మా చెల్లెను ఇచ్చింది ఆ చెరువుకు పక్క ఊరికే. ఆ మాట వింటూనే లోపలికి పోయి ఫోన్లో అడిగాను. "గరిక యాడిదక్కా? చెరువు నిండ గుర్రపుడెక్కనే. కింద మోకాల్లోతు బురద," అంది. గుర్రపుడెక్కను గొర్రె మూతి పెట్టి కూడా చూడదు. గొంగడి దగ్గర ఆడవాళ్లు మాట్లాడరు. అయినా గుమ్మం దగ్గర నిలబడి చెప్పాను. "మామా, మా చెల్లె ఊరు ఆ పక్కనే. అది గుర్రపుడెక్క అంటున్నది. జర ఇంకోసారి చూసి రారాదె?"

అందరూ నా వంక తిరిగారు. ఆయన తిరగలేదు.

"ఆడోళ్ల ఫోన్లల్ల గడ్డి మొలుస్తదా?" అన్నాడు.

నవ్వులు. మా ఆయన తల వంచుకున్నాడు. నేను లోపలికి పోయాను. పదో తరగతి దాకా చదివి, పశుమిత్రగా శిక్షణ తీసుకుని, ఆ ఎనిమిది మందలకూ కడుపులో పురుగులు చచ్చే నట్టల మందు పోసేది నేనే. ఆ రోజు మాత్రం పొయ్యి ముందు కూర్చుని కట్టెలతో పోట్లాడాను.

మందలు నడిచే వరస ఏటేటా మారుతుంది. ఆ ఏడు ముందు నడిచే వంతు మాది. మూడు రోజులు మేత లేని దారిలో నడిచి, ఆకలి మీద ఉన్న జీవాలు మధ్యాహ్నం ఆ పచ్చదనం చూశాయి. ఆపితే ఆగుతాయా? ఒకటి దిగితే వెనక అన్నీ దిగాయి. నేల అనుకున్నది నేల కాదు. ఆకుల కింద బురద. పైన బొచ్చు తడిసి బరువెక్కితే గొర్రె ఎంతసేపు తన్నుకుంటుంది? మా ఆయన, మిగతావాళ్లు నడుము లోతు దిగి చేతికందినవాటిని లాగారు. పద్నాలుగు పోయాయి. అందులో ఆరు చూడివి.

నేను బస్సెక్కి పోయేసరికి మా ఆయన గట్టు మీద కూర్చుని చచ్చినవాటి మొహాలకు అంటిన బురద కడుగుతున్నాడు. ఎందుకు కడుగుతున్నావని అడగలేకపోయాను.

మేతపెద్ద కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో ఏమీ లేదు. "నేను చూసిన్నాడు గరికనే ఉండె. పద్దెనిమిది ఒద్దులాయె. ఆ పాడు ఆకు ఎంతల పారుతది? మాట విరిగింది, అందుకే గిట్లయింది. ఇరిచిందెవరో అందరికి ఎరికే," అన్నాడు.

అంటే నేను. నిజం చెప్పడం వల్ల గుర్రపుడెక్క మొలిచింది!

శిక్ష కూడా ఆయనే చెప్పాడు. ఇకనుంచి మా మంద తోకన నడవాలి. వరస మారినా మా చోటు మారదు, ఆయన మారుమాట చెప్పేదాకా. తోకన నడవడమంటే తెలియనివాళ్లకు చెప్తాను. ఏడు మందలు కొరికి, తొక్కి, పెంటికలు వేసిపోయిన నేల మీద ఎనిమిదో మంద మేయాలి. మిగిలేది వేళ్లు, దుమ్ము. ఆ ఎండాకాలం మా గొర్లకు పాలు ఇంకిపోయాయి. గొర్రెపిల్లలకు సీసాతో పాలు పట్టాను. తొమ్మిది నా ఒళ్లోనే మెడలు వాల్చేశాయి. ఇంకొక్క ఏడు అట్లా గడిస్తే మాకు మంద ఉండదు, కర్ర, గొంగడి మాత్రమే ఉంటాయి. ఇది లెక్క కాదు, కళ్ల ముందు కనపడుతున్న సంగతి.

వానలు పడ్డాక మందలు ఇళ్లకు చేరాయి. ఒకరోజు ఆయన మా వాకిట్లోకి వచ్చాడు. ఆయన పొట్టేలు దగ్గుతోంది, నా మందు కావాలి. 'సూది పంతులమ్మ' అని నన్ను ఎక్కిరించే నోటితో మందు అడగలేక గేటు దగ్గరే నిలబడి అటూఇటూ మాట్లాడుతున్నాడు.

"గరిక మంచిగ దొరికినట్టున్నదే. యాడ కోసినవ్?" అన్నాడు.

చుట్టూ చూశాను. వాకిట్లో గడ్డి పరక లేదు. మంచం మీద, కూరగాయల మడికి కప్పుదామని తెచ్చిన పచ్చ నైలాన్ వల మాత్రం కుప్పగా పడి ఉంది.

వల తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టాను. గడ్డిని నలిపి మా అందరిచేతా నోళ్లు తెరిపించిన ఆ వేళ్లు వల మీద ఒక్కసారి తిరిగి ఆగిపోయాయి.

"ఎన్నొద్దుల సంది కనపడుత లేదు?"

"కనపడుతది."

"నా చీర ఏం రంగు చెప్పు."

"చీరల రంగు చూసుడు నా పని కాదు."

"మామా."

ఆయన వలను కింద పడేసి, "రెండేండ్లు దాటె. దగ్గరిది అంతో ఇంతో కనపడుతది. దూరంది రంగు కనపడుతది, రూపు కనపడది," అన్నాడు. తప్పు ఒప్పుకున్న గొంతు కాదు అది. పొట్టేలు దగ్గు సంగతి చెప్పినట్టే చెప్పాడు.

గరిక గట్టు మీద కోసుకుని, ముందున్న పచ్చరంగు అంతా గరికే అనుకుని వచ్చాడన్నమాట. నా పద్నాలుగు జీవాలు ఆయనకు ఒక రంగు.

"దవాఖానకు పోదాం పా. పొర తీసేస్తరు. పదిహేనొద్దులు పట్టి కట్టుకుంటె అయిపోతది."

"కంటికి పట్టి కట్టుకున్నోడు గొంగడి మీద కూసుంటె ఎవడింటడు?"

"జీవాలు సచ్చిపోయినయ్ నీ వల్ల!"

"అరువకు. సాటుకు మాట్లాడు," అన్నాడు. ఆ మాటకు ఆయన్ను అక్కడే కర్రతో కొట్టాలనిపించింది. పదిహేను రోజుల పట్టీకి సిగ్గుపడి ఎనిమిది ఇళ్ల బతుకులను బురదలోకి తోలిన మనిషి, నన్ను చాటుకు మాట్లాడమంటున్నాడు.

ఊరంతా వినేటట్టు అరిచి ఉండొచ్చు. అరవలేదు. నమ్మేవాళ్లు లేరని ఒకటి. రెండోది అంతకంటే పెద్దది. మా మందను తోక నుంచి తీయగలిగిన నోరు ఊళ్లో ఒక్కటే, అది ఆయన నోరు. నేనేం మంచిదాన్ని కాదు. బేరం పెట్టాను.

"నీ ఎంబడి నేనొస్త. చూసింది చూసినట్టు చెప్త. నువ్వు నీ మాటగనే చెప్పుకో, నాకు పేరొద్దు. మా మంద తోకల నుంచి తియ్యాలె."

"ఆడిదాని కండ్లతోని మేత చూడాల్నా?"

"నీ కండ్లతోని చూస్తె మళ్ల బురదనే."

మందు తీసుకుని వెళ్లిపోయాడు. పత్తి ఏరడం ముగిసే రోజుల్లో గేటు దగ్గరికి వచ్చి, "ఎల్లుండి తొలి బస్సు," అని మాత్రం అన్నాడు.

చెల్లె దగ్గరికి పోతున్నానని ఇంట్లో చెప్పి జనగామ బస్టాండులో కలిసేదాన్ని. బస్సులో ఎరగనివాళ్లలాగా కూర్చునేవాళ్లం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, నేను ఆధార్ కార్డు చూపిస్తే డబ్బులు లేవు, ఆయనకు ఉన్నాయి. దానికీ మండిపడేవాడు. "చూసేది నేను, నీకు ఊకెనా?" చూసేది ఎవరో చెప్పుదామని నాలుక దాకా వచ్చేది. బస్సు నిండా జనం.

దిగి నడవడం మొదలుపెట్టాక ఇంక నాకు నరకమే.

"ఎడమ దిక్కేముంది?"

"మక్క చేను. కోసిండ్రు."

"చొప్ప ఉన్నదా?"

"లేదు. మిషన్ కట్టలు కట్టుకొని పోయిండ్రు."

"కుడి దిక్కు?"

"పత్తి. ఇంకా ఏరుతుండ్రు. గెట్లమీద గడ్డి ఎర్రగున్నది."

"ఎర్రగంటె? ఎండిన ఎరుపా, మాడిన ఎరుపా?"

"ఎరుపు ఎరుపే గద."

"థూ! ఎండింది గలగలమంటది. గడ్డిమందు కొట్టింది మెత్తగ పండుకుంటది. కాలు పెట్టి చూడు. నీకు నాలుగు కండ్లున్నా చూసుడు రాదే."

అట్లా రోజంతా. తుమ్మకాయ రాలిందా, కొమ్మ మీదనే ఉందా? మామిడి తోటకు కంచె ఉందా? కాలువ పారకం ఏ మడి దాకా వచ్చింది? నేను ఒక చేను దాటేసి "ఏం లేదు" అంటే వెనక్కి తిప్పించి, మళ్లీ నడిపించి, "ఏం లేదు అనేది మేత మాట కాదు. ఎంత లేదో చెప్పాలె," అనేవాడు. ఒక్కసారి కూడా సరిగ్గా చెప్పావనలేదు. సరిగ్గా చెప్పినప్పుడు ఊరుకునేవాడు, అంతే. ఆయన ఊరుకోవడం కోసం నేను ఎదురుచూస్తున్నానని తెలిసిన రోజు నా మీద నాకే అసహ్యం వేసింది.

మానుకోట అవతల ఒక తండా. ఎండ దంచుతోంది. మా సీసాలు ఎప్పుడో అయిపోయాయి. ఒకామె వాకిట్లో మక్కలు ఎండబోస్తూ మమ్మల్ని చూసింది. తమ మాటలో కోడలికి ఏదో చెప్పింది. ఆ పిల్ల చెంబు నిండా నీళ్లు తెచ్చింది. "తాగక్కా, ఎండల పడి వచ్చిండ్రు," అంది పెద్దామె. నేను చెయ్యి చాచాను. ఆయన కర్ర అడ్డం పెట్టాడు.

"ముట్టకు."

"మామా, నోరు ఎండిపోతున్నది."

"ఎండని."

ఆమె మొహం మాడిపోయింది. "ఏమ్మా, మా నీళ్లు ముట్టరా?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన నోరు విప్పలేదు, కర్ర తీయలేదు. మేత చూడటానికి వచ్చామని, ఎవరి ఊళ్లోనూ ఏమీ ముట్టమని, ఇది మీ మీద కోపం కాదని నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆమె విని, నవ్వి, "గొర్ల పెంటకోసం చెంబెడు నీళ్ల లంచం పెడుతమా?" అంది. అయినా చెంబు లోపలికి పంపేసింది. మళ్లీ బస్సెక్కేదాకా ఆయనతో నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనకు అది హాయిగానే ఉన్నట్టుంది.

ఆ ఏడు గొంగడి మీద కూర్చుని, చాయ్ చప్పరించి, కళ్లు మూసుకుని, పరక కొరికి ఆయన చెప్పిన ప్రతి మాటా నాదే. ఏ చేన్లో చొప్ప లేదో, ఏ గట్టుకు మందు కొట్టారో, ఏ తండా పక్క తుమ్మలు రాలుతున్నాయో, అన్నీ. నేను తడబడిన చోట ఆయన కూడా తడబడ్డాడు. "మానుకోట దిక్కు," అని ముగించి, నేను నిలబడ్డ గుమ్మం వైపు మొహం పెట్టి, "నడిచిన కాళ్లకే మేత దొరుకుతది. ఆడోళ్ల ఫోన్లల్ల దొరుకది," అన్నాడు. మళ్లీ అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు, ఆయనకేం తెలుసు!

ఆఖర్న మా మందను ఒక్క మెట్టు ముందుకు జరపమన్నాడు. ఎనిమిది నుంచి ఏడుకు.

తెల్లారి వాళ్లింటికి పోయి నిలదీశాను. "ఇదేనా మాట?"

"తోకల నుంచి తియ్యుమన్నవ్. తీసిన. నడుమ పెట్టుమనలే గద," అన్నాడు.

పోయినేడు మళ్లీ తిరిగాం. ఆరోదానికి జరిపాడు. ఈ లెక్కన మా మంద ముందుకు రావాలంటే ఆయన ఇంకో ఐదేళ్లు బతకాలి. ఆయన ఆయుష్షు కోసం ఊళ్లో మనస్ఫూర్తిగా దండం పెట్టుకున్నది నేనొక్కదాన్నే. ఆ రెండేళ్లూ మేత మాట తప్పలేదు. ఒక్క మందలో కూడా ఆకలి చావు లేదు. 'ముసలాయన చేతిలో ఏదో ఉంది' అని జనం అనుకున్నారు. ఈ ఏడు మేత చూడబోయే ముందు, చూస్తుండగానే జ్వరం వచ్చి, నాలుగు రోజుల్లో పోయాడు. నా బేరం కూడా ఆయనతోనే కాటికి పోయింది.

ఇక ఆ చిన్నకొడుకు. ముప్పై అయిదేళ్లవాడు, దేవుడిచ్చిన మంచి కళ్లున్నవాడు. కర్మ ముగిసిన వారానికి టీవీఎస్ బండి మీద బయలుదేరి రెండు రోజుల్లో రెండు దిక్కులూ చూసొచ్చాడు. తండ్రికి పది రోజులు పట్టేది. గొంగడి పరిచారు. వీడు కూర్చున్నాడు. చలువ కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. చాయ్ చప్పరించాడు. రుమాలు విప్పాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. గడ్డి నలిపాడు, వాసన చూశాడు, పరక కొరికాడు. "అచ్చం నాయినే," అని ఒక ముసలాయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"భూపాలపల్లి దిక్కు. అడివి అంచుల నడుమెత్తు మేత," అన్నాడు కళ్లు తెరవకుండా.

గుమ్మం దగ్గర నేను ఉన్నాను. నోరు మూసుకుందామనే అనుకున్నాను, ఒట్టు.

"కండ్లు తెర్వు," అన్నాను.

వాడు ఉలిక్కిపడి తెరిచాడు.

"చెరువు శిఖంల ఇప్పుడు ఏమున్నది?"

"... పచ్చగనే ఉన్నది."

"దిగి నడిచినవా, రోడ్డు మీదికెల్లి చూసినవా? గెట్లమీద గడ్డి ఎండిందా, మాడిందా? ఎవరింట్ల తిన్నవ్?"

వాడు కింది పెదవి తడుపుకున్నాడు. ఆఖరి ప్రశ్నకు మొహం తిప్పుకున్నాడు.

"మీ నాయిన కండ్లు మూసుకున్నడంటె, తెరిచినా కనపడకపోయె. అందుకు నలిపిండు, అందుకు వాసన చూసిండు. రెండేండ్లు ఆయన చెప్పిన మేత నేను చూసిన మేత. నీకు కండ్లున్నయ్ గదరా, నీకేం రోగం?"

ఆ తర్వాత జరిగింది గొడవ కాదు, దుమారం. చచ్చినోడి మీద నింద అన్నారు. సిగ్గులేనిదన్నారు. "మంటల కాలినోడు లేసొచ్చి చెప్పుకోలేడనే గదనే!" అని పెద్దవ్వ మన్ను తీసి నా మీద పోసింది. ఆమెకు తెలుసు. ముప్పై నలభై ఏళ్లు తాను అన్నం పెట్టిన మొగుడికి కంచం కనపడడం లేదని తెలియకుండా ఉంటుందా? ఆమె కళ్లలోకి చూశాను, తిప్పుకుంది. పెద్దలు మాట్లాడుకుని తేల్చారు. మాట విరిగింది. మా మంద మళ్లీ తోకన.

అప్పుడు మా ఆయన లేచాడు. పదిహేడేళ్ల కాపురంలో ఆయన పదిమందిలో నోరు విప్పింది నేను చూడలేదు. 'ఒక్క పూట మేత' కదా. అందరి మధ్య నుంచి తన గొంగడి లాక్కుని, దులిపి, భుజాన వేసుకున్నాడు.

"మేం తోకన రాం," అన్నాడు. "మా ఇంట్ల కండ్లున్నయ్."

వాళ్లు భూపాలపల్లి దిక్కు నడిచారు. మేము మానుకోట దిక్కు, ఒక్క మందతో. మా చెల్లె రోజూ ఫోన్ చేస్తుంది. వాళ్ల సంగతి నేను అడగడం లేదు, అది చెప్పడం లేదు. పోయిన జీవాలు పోగా మాకు మిగిలినవి నలభై చిల్లర. అన్నీ మేస్తున్నాయి. రెండు రోజుల దారి ముందు నేను బస్సెక్కి పోతాను, దిగి నడుస్తాను, కాలు పెట్టి చూస్తాను, ఎంత లేదో ఫోన్లో చెప్తాను.

నిన్న ఆ తండా మీదుగానే పోయాను. అదే ఆమె, అదే వాకిలి. గుర్తుపట్టింది. "ముసలాయన యాడక్కా?" అని అడిగింది. పోయాడని చెప్పాను. అయ్యో అని లోపలికి పోయి చెంబు తెచ్చింది. బయట చెమట పట్టి, అంచు దాకా నీళ్లు. అడ్డం పెట్టడానికి కర్ర లేదు. చుట్టుపక్కల పురుగు కూడా లేదు.

"వద్దక్కా," అన్నాను. "మేత చూసేదాన్ని."

ఆయన మీద గౌరవంతో కాదు. దాహం వేసిన ప్రతిసారీ ఆ ముసలాయన్ను నోటినిండా తిట్టుకుంటూనే నడుస్తున్నాను.